మధ్యగోపుర వ్యాజ్యం

“అమ్మా మృదులా, శుభవార్త! నీ గణనయంత్రం మంజూరైంది.”

అవధానులు గారు భోజనాల గది గుమ్మంలో నిలబడి ఈ మాట అనేసరికి మృదుల నోట్లో దోసావకాయ ముద్ద ఉంది. ముద్ద మింగాక సంతోషించాలో, సంతోషించాక ముద్ద మింగాలో తేల్చుకోలేక రెండూ ఒకేసారి చేసింది. పొలమారింది. పక్కన కూర్చున్న నూకరత్నం గారు నెత్తిమీద తట్టి, “నీ మొగుడు తలుచుకుంటున్నట్టున్నాడే పిల్లా” అంది. మొగుడి మాట వినబడగానే మృదుల దగ్గడం మాని నవ్వడం మొదలుపెట్టింది.

ఆమెకి కొత్తగా పెళ్ళయింది. చక్రి టిఫిన్ డబ్బా, తన టిఫిన్ డబ్బా పక్కపక్కన బోర్లించి ఆరబెట్టడం చూసినా ఆమెకి పండగలా ఉంటోంది. అలాంటి మనిషికి నిజంగానే శుభవార్త వస్తే ఇక చెప్పేదేముంది? చేయి కడుక్కోకుండానే ఎడంచేత్తో ఫోన్ తీసి మొగుడికి చెప్పేసింది.

“వచ్చేసింది! సాంక్షనైపోయింది!”

“ఎప్పుడు కొందాం?” అన్నాడు చక్రి. అతను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. వెనక పిల్లల గోల వినిపిస్తోంది. “గురువారం దాటకూడదు, గుర్తుందా?”

గుర్తులేకపోవడమేమిటి! శనివారం నుంచి ఆషాఢం. శుక్రవారం అమావాస్య, ఆ రోజు ఎవరూ ఇల్లు కదలరు. అంటే గురువారం సాయంత్రానికల్లా మృదుల గోదావరి వంతెన దాటి కొవ్వూరులో పుట్టింటికి చేరాలి. ఆషాఢంలో అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదు, అత్తా అల్లుడూ కూడా ఒకే గడప దాటకూడదు. రాజమండ్రిలో అత్తగారింటి గడప మృదులకి మూత, కొవ్వూరులో అత్తగారింటి గడప చక్రికి మూత. “పోనీ బయట ఎక్కడైనా కాఫీ తాగుతాం అత్తయ్యా” అని మృదుల అడిగి చూసింది. “ఈ ఊళ్ళో కాఫీ హోటళ్ళకన్నా మన చుట్టాలే ఎక్కువమ్మా” అంది అత్తగారు.

అందుకే కంప్యూటర్. ఇద్దరూ చెరో ఇంట్లో కూర్చుని ఒకే దీవిలో దిగి, కట్టెలు కొట్టి, చేపలు పట్టి, కలిసి ఇల్లు కట్టుకునే ఆట ఒకటుంది. చక్రి దగ్గర చదువుకునే రోజుల నాటి కంప్యూటర్ ఉంది. మృదులకి ఏమీ లేదు. ఆమె పనిచేసే తాటి ఉత్పత్తుల అభివృద్ధి సంస్థలో కొత్తగా పెళ్ళైన ఉద్యోగులకి నలభై వేలు దాటకుండా ఒక గృహోపకరణం ఇస్తారు. ఇంతవరకు అందరూ బీరువాలే తీసుకున్నారు. బీరువాలో ఇద్దరు కలిసి ఆడుకునే వీలు లేదు కాబట్టి మృదుల కంప్యూటర్ అడిగింది.

దుకాణాల్లో ఆటలకని కట్టి అమ్మేవి నలభై వేలకి రావు. విడిభాగాలు ఎంచుకుని బిగించుకుంటే వస్తుంది. ఆ ఎంపిక కోసం మొగుడూ పెళ్ళాలు మేడమీద పునుగులు తింటూ ఎన్ని సాయంత్రాలు కొట్టుకున్నారో! చక్రికి అద్దాల డబ్బా, దానిలో రంగురంగుల లైట్లు కావాలి.

“వినాయక చవితి పందిరా ఇది? ఆ లైట్ల డబ్బుతో ర్యామ్ ఇంకో ముక్క వస్తుంది” అంది మృదుల.

“ప్రాసెసర్ పెద్దది తీసుకుందామే.”

“పెద్దది తెచ్చి ఏం చేస్తావు? ఆటకి ముఖ్యం గ్రాఫిక్స్ కార్డు. సగం డబ్బు దానికే. ప్రాసెసర్ ఆరు కోర్లది, పోయినేటిది చాలు. మదర్‌బోర్డు దానికి కుదిరేదైతే చాలు.”

“మరి పవర్ సప్లయ్ చవకది తీసుకుందామా?”

“అది మాత్రం చవకది వద్దు. కాలిపోతే మొత్తం కాలిపోతుంది.”

మేడమీద ‘నువ్వు’, మెట్లు దిగి అత్తగారి ఎదట పడితే ‘మీరు’. అలా నువ్వుల్లోనూ మీరుల్లోనూ నలిగి నలిగి తేలిన జాబితా అది. మానిటర్, కీబోర్డు, మౌసు, మూడు కూలింగ్ ఫ్యాన్లతో సహా నలభై వేలలో సరిగ్గా ఇమిడింది. దాన్ని ఆఫీసులో ఇచ్చింది. ఇప్పుడు మంజూరై వచ్చింది.

అవధానులు గారు మంజూరు పత్రం చేతిలో పెట్టారు. మృదుల చదివింది. మళ్ళీ చదివింది.

“ఇది నాది కాదేమోనండీ” అంది.

“నీదే తల్లీ. అచ్చంగా నీదే.”

పత్రంలో ఇలా ఉంది: మాతృమండలి ఒకటి. తాళంచెవుల మండలి ఒకటి. షడ్గర్భ ప్రక్రియాధికారి ఒకరు. తాత్కాలిక స్మృతి రెండు పుల్లలు. చిత్రపత్రం ఒకటి. ఐదువందల యాభై వాట్ల అధికార సరఫరా. ఇరవై నాలుగు అంగుళాల పర్యవేక్షకుడు ఒకరు. చల్లని విసనకర్రలు మూడు. మూషికం ఒకటి. మధ్యగోపుర వ్యాజ్యం ఒకటి.

సంస్థకి పెద్దాయన, అంటే మేనేజింగ్ డైరెక్టరు గారు, ఈమధ్య ఏదో శిక్షణకి వెళ్ళొచ్చి, ఇకమీదట ఫైల్లో ఒక్క ఇంగ్లీషు ముక్క కనబడకూడదని ఉత్తర్వు ఇచ్చారు. ఆ రోజు నుంచి ఆయన నిర్వాహక సంచాలకులు అయ్యారు. సూపరింటెండెంటుగా ఉన్న అవధానులు గారు పర్యవేక్షకులు అయ్యారు, దానిమీద భాషా అమలు అధికారి కూడా అయ్యారు. ఆయన చేతిలోంచి ఏ ఇంగ్లీషు మాటా ప్రాణంతో బయటపడలేదు.

“మధ్యగోపుర వ్యాజ్యమంటే ఏమిటండీ?”

“నువ్వే రాశావుగా, మిడ్ టవర్ కేసని.”

“అయ్యో! అది కోర్టు కేసు కాదండీ. కంప్యూటర్ డబ్బా. అన్నీ అందులో పెట్టి బిగిస్తారు.”

అవధానులు గారు జాలిగా నవ్వారు. “అది ఇంగ్లీషులోనమ్మా. తెలుగులో వ్యాజ్యమే. ఫైలు తెలుగులో నడుస్తుంది. కింద షరతు చదువు.”

షరతు చదివేసరికి మృదులకి మళ్ళీ పొలమారింది. ఈసారి నోట్లో ముద్ద లేదు. ‘మంజూరైన అంశాలలో ఏ ఒక్కటీ తగ్గకుండా సంస్థ స్వయంగా సమకూర్చవలెను. అన్నియు సమకూరినట్లు ధ్రువీకరించిన పిమ్మటే సొమ్ము విడుదల చేయవలెను.’

మర్నాడు ఉదయానికల్లా సంస్థ మొత్తం సమకూర్చే పనిలో పడింది. ఇంత ఉత్సాహం తాటిబెల్లం రేటు పెరిగినప్పుడు కూడా ఎవరూ చూపించలేదు.

విసనకర్రలు ముందు వచ్చాయి. సంస్థ తయారుచేసేదే అవి కాబట్టి గోడౌన్ నుంచి తాటాకు విసనకర్రలు మూడు తెచ్చి, చల్లగా ఉన్నాయో లేదో ముగ్గురు విసురుకుని చూసి, ఉన్నాయని సంతకాలు చేసి మృదుల బల్లమీద పెట్టారు. మూషికానికి బోను పెట్టారు. బోనులో ఎర కింద సంస్థ తాటితాండ్రే పెట్టారు గానీ, సంస్థ ఎలుకలకి ఆ తాండ్ర గురించి ఎప్పుడో తెలుసు. ఒక్కటీ రాలేదు.

పదకొండింటికి న్యాయ విభాగం లింగేశ్వరరావు గారు చెమటలు కక్కుకుంటూ వచ్చారు.

“ఏమ్మా, నీ గోపురం ఏ గుడిది?”

“ఏ గుడిదీ కాదండీ.”

“మధ్యగోపురం అన్నావు. పొద్దుటి నుంచి నాలుగు గుళ్ళు తిరిగాను. ఒక గుడికి మధ్యలో గోపురం ఉంది. ఎవరైనా తగాదా పడుతున్నారా అని పూజారి గారిని అడిగితే, అందరూ సఖ్యంగా ఉన్నారని చెప్పాడు. అంత సఖ్యంగా ఉంటే నేను వ్యాజ్యం ఎక్కణ్ణించి తేను?”

“వద్దండీ, వదిలేయండి.”

“వదిలెయ్యడానికి వీల్లేదమ్మా. మంజూరైంది.” ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని గొంతు తగ్గించారు. “ఒక దారి ఉంది. లబ్ధిదారువి నువ్వు, దాతలం మేము. మనిద్దరి మధ్యే ఒక వ్యాజ్యం వేసేద్దాం. సంస్థ వాది, నువ్వు ప్రతివాది. ఏమీ అనుకోకు, నీ మంచికే.”

“ఎన్నాళ్ళు నడుస్తుందండీ?”

“తొందరగా అయిపోతుంది. నీ పిల్లల పెళ్ళిళ్ళనాటికి తీర్పు వచ్చేస్తుంది.”

మృదులకి శనివారం కళ్ళముందు కదిలింది. గోదావరికి ఆ గట్టున చక్రి, ఈ గట్టున తను, మధ్యలో మూడు కిలోమీటర్ల వంతెన, దానిమీద ఒక వ్యాజ్యం.

ఇదిలా ఉండగా సిబ్బంది విభాగం వాళ్ళు టేపు పట్టుకొచ్చి అవధానులు గారిని గోడకి ఆనించి నిలబెట్టారు. సంస్థలో పర్యవేక్షకుడు ఆయన ఒక్కడే. మంజూరైనది ఇరవై నాలుగు అంగుళాల పర్యవేక్షకుడు. ఆయన అరవై నాలుగు వచ్చారు.

“నలభై అంగుళాలు ఎక్కువున్నారండి” అన్నాడు కొలిచినాయన.

“ఉంటే?”

“మిగులు సిబ్బంది కింద చూపించాలండి. నలభై అంగుళాల్ని వేరే శాఖకి బదిలీ చెయ్యమంటారేమో, పైనుంచి రానివ్వండి.”

అవధానులు గారు గోడకి ఆనుకునే ఉండిపోయారు. ఆయన మొహంలో బాధ లేదు, భాష కోసం ఒక మనిషి ఎంతవరకు తగ్గగలడో ఆలోచిస్తున్నట్టున్నారు.

ఆ సాయంత్రం మేడమీద పునుగులు అలాగే చల్లారిపోయాయి.

“పోనీ ఆ లిస్టు మళ్ళీ రాసి ఇస్తేనో?” అన్నాడు చక్రి.

“మళ్ళీ రాస్తే మళ్ళీ మంజూరవ్వాలి. ఆషాఢం అయ్యి శ్రావణం వచ్చేస్తుంది. శ్రావణంలో నాకు కంప్యూటర్ ఎందుకు? నువ్వుంటావుగా.”

చక్రి ఒక చల్లారిన పునుగు తీసి ఆమె నోట్లో పెట్టాడు.

బుధవారం నిర్వాహక సంచాలకులు గారు సమీక్ష పెట్టారు. పెద్ద గది. కరెంటు లేదు. మృదులని ఒక పక్కగా కూర్చోమన్నారు. పత్రాన్ని ఎత్తి పట్టుకుని పెద్దాయన అడిగారు:

“ఐదువందల యాభై వాట్ల అధికార సరఫరా! ఇంత అధికారం నేనెప్పుడు ఇచ్చాను?”

“తమరే సంతకం చేశారండి” అన్నారు అవధానులు గారు. పవర్ అంటే అధికారమే కదా, ఆ విషయంలో ఆయనకి ఏ సందేహమూ లేదు.

“ఐదువందల యాభై అంటే ఎక్కువా, తక్కువా? నాకు మాత్రం ఎంతుంది?”

“తమరి అధికారం వాట్లలో ఎక్కడా చెప్పలేదండి.”

పెద్దాయన కలవరపడ్డారు. తనదగ్గర ఎంతుందో తెలియకుండా అందులోంచి ఐదువందల యాభై తీసి ఇస్తే ఏమైనా మిగులుతుందా? నుదుట చెమట పట్టింది. మృదుల బల్లమీది మూడు విసనకర్రల్నీ సమీక్ష కోసం అక్కడికి తెచ్చి ఉంచారు కాబట్టి ముగ్గురు గబగబా వాటిని అందుకుని ఆయనకి విసరడం మొదలుపెట్టారు.

“ఎవరికి సరఫరా చెయ్యాలి?” అన్నారాయన, కాస్త చల్లబడి.

“ఈ అమ్మాయికి ఇవ్వడానికి లేదండి, సర్వీసు చాలదు” అన్నారు లింగేశ్వరరావు గారు. “పర్యవేక్షకులకి ఇద్దామంటే వారి ఎత్తు మీద నిర్ణయం పెండింగులో ఉంది. షడ్గర్భ ప్రక్రియాధికారి ఇంకా దొరకలేదు. మాతృమండలి ఒక్కటే సిద్ధంగా ఉందండి.”

మాతృమండలి నిజంగానే సిద్ధంగా ఉంది. మంగళవారమే ఏర్పాటు చేశారు, ఇప్పుడు గదిలో వెనక వరసలో కూర్చుని ఉంది. సంస్థలో పిల్లలున్న ఆడవాళ్ళందరూ సభ్యులు. ముగ్గురు పిల్లల్ని పెంచి, సంస్థ లెక్కలు కూడా చూసే నూకరత్నం గారు అధ్యక్షురాలు. ఆఫీసు బీరువాల తాళంచెవుల గుత్తి ఎలాగూ ఆవిడ బొడ్లోనే ఉంటుంది కాబట్టి తాళంచెవుల మండలి కూడా ఆవిడకే అప్పగించారు.

“అయితే అధికారం మాతృమండలికి సరఫరా చేస్తున్నాం” అన్నారు పెద్దాయన. సంతకం పెట్టారు. పెట్టగానే సరిగ్గా కరెంటు వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి. అందరూ పైకి చూశారు.

నూకరత్నం గారు గొంతు సవరించుకుంది.

“అమ్మాయ్, ఇలా రా. ఇదంతా కాదుగానీ, అసలు నీకా పెట్టె దేనికి?”

మూడు రోజుల్లో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. మృదులకి ఒక్కసారిగా సిగ్గు ముంచుకొచ్చింది. పెద్దాయన, లింగేశ్వరరావు గారు, అవధానులు గారు, ఇంతమంది మగవాళ్ళ మధ్య ఏమని చెబుతుంది? చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నెమ్మదిగా అంది:

“ఆషాఢం వస్తోంది కదండీ…”

“ఊఁ.”

“నేను కొవ్వూరులో ఉంటాను. ఆయన ఇక్కడ. అందులో ఆట ఒకటుందండీ. ఆయన ఇక్కణ్ణించి, నేను అక్కణ్ణించి వెళ్ళి ఒక దీవిలో కలుసుకోవచ్చు. ఇల్లు కట్టుకుంటున్నామండీ అందులో.”

మాతృమండలిలో కదలిక వచ్చింది. టైపిస్టు అన్నపూర్ణ గారు పక్కావిణ్ణి మోచేత్తో పొడిచింది. ఆ వెనక ఎవరో, “మా ఆయన పాలవాడి చేత చీటీలు పంపేవాడే, వాడు అన్నీ చదివేసి ఇచ్చేవాడు” అంది. మండలి మొత్తం పక్కున నవ్వింది.

నూకరత్నం గారు మాత్రం నవ్వలేదు. సీరియస్‌గా ఆలోచిస్తోంది.

“ఆ దీవిలో ఇంటికి గడప ఉందా?”

“లేదండీ. ఇంకా పెట్టలేదు.”

“పెట్టకండి. ఆషాఢం అయ్యాక పెట్టుకుందురుగాని. గడప లేనప్పుడు దాటడం అనేది ఉండదు. దోషం లేదు.” ఆవిడ పెద్దాయన వైపు తిరిగింది. “మాతృమండలి తీర్మానం అయిపోయిందండీ. సొమ్ము విడుదల చేయించండి. మిగతావన్నీ మేమే సమకూర్చుకుంటాం.”

“వ్యాజ్యం?” అన్నారు లింగేశ్వరరావు గారు.

“అదీ బజార్లోనే కొంటాం.”

“వ్యాజ్యాన్ని కొని తెచ్చుకుంటారా?”

“కొని తెచ్చుకున్నవాళ్ళని చాలామందిని చూశాం లెండి.”

లింగేశ్వరరావు గారు వ్యాజ్యం ఫైలు మడిచి చంకలో పెట్టుకున్నారు.

“నా మాటేమిటమ్మా?” అన్నారు అవధానులు గారు నెమ్మదిగా. “ఇరవై నాలుగు అంగుళాలు…”

“మీరలాగే ఉండండి బాబుగారూ. చిన్న పర్యవేక్షకుణ్ణి బజార్లో వేరే చూసుకుంటాం.”

టేపు పెట్టి కొలిచిన దగ్గర్నుంచి మొదటిసారి ఆయన వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నారు. నలభై అంగుళాలూ తిరిగి వచ్చినట్టు కనిపించింది.

మృదులకి అప్పుడే తట్టింది. అధికార సరఫరా వచ్చి మాతృమండలికి తగిలింది. విసనకర్రలు తిరుగుతున్నాయి. పర్యవేక్షకుడి మొహం వెలిగింది. ఎవరూ స్క్రూ బిగించకుండానే కంప్యూటర్ ఒకటి ఆ గదిలో ఆన్ అయి కూర్చుంది. ఈ సంగతి ఎప్పుడెప్పుడు చక్రికి చెబుదామా అని నాలిక దురద పెట్టింది.

“ఇంతకీ ఈ సామానంతా ఎక్కడ దొరుకుతుంది?” అని అడిగారు పెద్దాయన. “జీపు ఇవ్వమంటే ఇవ్వలేను. తోటల తనిఖీకి తప్ప జీపు కదలకూడదని నిబంధన.”

గదిలో అందరూ చిన్నబోయారు. ఊళ్ళో కంప్యూటర్ దుకాణాలన్నీ ఒకే బజార్లో ఉన్నాయి. ఆ బజారు పేరు చెప్పడానికి మృదుల నోరు తెరిచింది, చెప్పకముందే నవ్వొచ్చేసింది.

“తాడితోటలోనండీ.”

ఆ పేటలో తాడిచెట్టు కనబడి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలియదు. పేరులో మాత్రం తోట అలాగే ఉంది. నిర్వాహక సంచాలకులు గారి మొహం విప్పారింది.

“మన సంస్థ తాడితోట తనిఖీకి వెళ్ళకపోతే ఇంకెవరు వెళతారయ్యా? ఇంతకాలం ఎందుకు వెళ్ళలేదు మనం?”

అవధానులు గారు పంచాంగం తీశారు. రేపు గురువారం, రాహుకాలం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి. ఈలోపే కొనాలి, ఆ వెంటనే వంతెన దాటాలి. చక్రి అత్తగారి గడప ఇంకా తెరిచి ఉండగానే లోపలికి వెళ్ళి, అన్నీ బిగించి, సాయంత్రానికల్లా బయటపడాలి.

మృదుల వరండాలోకి పరుగెత్తి ఫోన్ చేసింది.

“ఏవండోయ్! రేపు కాలేజీకి సెలవు పెట్టెయ్.”

“వచ్చిందా? నిజంగా?”

“పదింటికల్లా తాడితోట సెంటర్లో ఉండు. స్క్రూడ్రైవరు తెచ్చుకో. జీపులో నేను వస్తున్నాను, మాతృమండలి వస్తోంది, విసనకర్రలు కూడా వస్తున్నాయి.”

“మాతృమండలా? ఎంతమంది?”

“ఆరుగురు అమ్మలు. లైట్లున్న డబ్బా కావాలని మాత్రం వాళ్ళ ముందు అనకు. డబ్బాని కాదు, నిన్ను చూడ్డానికే వస్తున్నారు.”